వాదన పుట్టాకే ఇంగ్లీషు

హార్స్లీ హిల్స్



నీ ఉత్తరం అందింది. రెండో సంవత్సరం బీఏ పిలకాయలకి 'మానవీయ శాస్త్రాల విలువ' మీద ఇంగ్లీషులో చర్చ పెడితే క్లాసంతా తలకాయలు దించుకుందనీ, లేచిన ఒకరిద్దరు గైడులో వాక్యాలు అప్పజెప్పి కూర్చున్నారనీ రాశావు. ఈసారి అనుకూలంగా కొన్ని పాయింట్లు, వ్యతిరేకంగా కొన్ని, వాటిని అతికే ఇంగ్లీషు వాక్యాలు టైపు చేయించి పంచుతానన్నావు. ఆ కాగితం పంచొద్దమ్మా. పంచితే రేపు గైడుకి బదులు నీ కాగితం అప్పజెబుతారు.

సాహిత్యం వల్ల ఏం లాభం, చరిత్ర వల్ల ఏం లాభం అని ఊరికే అడిగితే తెలుగులోనైనా నోరు పెగలదు. ఇంగ్లీషు రాకపోవడం వాళ్ల ఇబ్బందిలో సగమే. వాదించడానికి చేతిలో సరుకు లేకపోవడం తక్కిన సగం. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియమే అయ్యాక చరిత్ర పాఠం కూడా బట్టీ పట్టే సరుకైపోయింది. కాబట్టి విలువ అన్న మాట మొదట ఎత్తకు. ముందు వాళ్లను ఒక కథ మీద, ఒక చరిత్ర మీద కొట్లాడనీ. తాము చేసిన పని ఏమిటో చివర్న వాళ్లనే వెనక్కి తిరిగి చూసుకోమను.

సరుకు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. ఎండాకాలం వస్తే మన చిత్తూరు సీమలో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది కదా. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. బకాసురుడికి కూడు బండి మీద ఊరేగుతుంది. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతుంటే బిడ్డలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు కింద సాష్టాంగపడతారు. ఆఖరి రోజు పొద్దున మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ చుట్టూ భీముడు గద పట్టుకుని తిరుగుతాడు, సాయంత్రం అగ్నిగుండం. నీ క్లాసులో చాలామంది ఇదంతా అమ్మ ఒళ్లో కూర్చుని చూసినవాళ్లే. ఎవరో ఒకరి ఇంట్లో మామో చిన్నాయనో వేషం కట్టినవాడు కూడా ఉంటాడు.

వాళ్లనే అడుగు. నడుం కింద కొట్టడం గదాయుద్ధంలో తప్పు. మరి దుర్యోధనుణ్ణి అలా కొట్టి భీముడు చేసింది న్యాయమేనా? నిండు సభలో ద్రౌపదిని అవమానించిన రోజే దుర్యోధనుడు కట్టుబాటు దాటాడు కాబట్టి, అవతలివాళ్లకీ కట్టుబాటు లేనట్టేనా? అలా అయితే ఎవరు ఏ తప్పు చేసినా ముందు చేసినవాణ్ణి చూపించి తప్పించుకోవచ్చు కదా? ఈ ప్రశ్నలకి తలకాయలు దించుకునే పిలకాయలు మన సీమలో ఉండరు. నాటకం చూసి ఇంటికి నడిచిపోతూ ముసలమ్మలు కూడా ఇదే వాదించుకుంటారు.

మొదటి అరగంట ఇంగ్లీషు జోలికి పోవద్దు. మీ కుప్పంలో ఇంట్లో తమిళం, బయట తెలుగు మాట్లాడేవాళ్లున్నారు, కన్నడం వచ్చినవాళ్లూ ఉన్నారు. ఎవరికి ఏ భాషలో మాట తన్నుకొస్తే ఆ భాషలో మాట్లాడనీ. నువ్వు రాసుకుంటూ కూర్చో. ఎదుటివాడి మాట ఒప్పుకుంటూనే అడ్డం తిరిగినవాళ్లెవరు, ఉదాహరణ చూపించినవాళ్లెవరు, ముందన్న మాట వెనక్కి తీసుకున్నవాళ్లెవరు. తర్వాత వాళ్లన్న మాటలనే బోర్డు మీద ఇంగ్లీషు చెయ్యి. 'ఇట్ ఈజ్ ట్రూ దట్ భీమ బ్రోక్ ద రూల్, బట్' అని నువ్వు రాసేసరికి, ఆ 'బట్' తర్వాత ఏం చెప్పాలో తెలిసిన పిల్ల ఒకతె క్లాసులో ఉంటుంది. ఆ వాక్యం ఆ పిల్ల మర్చిపోదు.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టు. అవతలివాడు ఏమన్నాడో ముందు తన మాటల్లో చెప్పాలి. 'అవును, నేనన్నది అదే' అని వాడు ఒప్పుకున్నాకే జవాబు. ఇది చూడ్డానికి ఇంగ్లీషు అభ్యాసం. కానీ తనకి నచ్చని మనిషి ఆలోచనని చెడగొట్టకుండా చెప్పగలగడం కన్నా సాహిత్యం, చరిత్ర, తత్వం నేర్పే పెద్ద విద్య నాకు కనబడలేదు. దీనికే ఎక్కువ మార్కులు వెయ్యి. మాట మధ్యలో తప్పులు దిద్దకు. నోరు విప్పనివాళ్లకి ముందు నాలుగు లైన్లు రాసుకునే వ్యవధి ఇవ్వు.

మన మదనపల్లెలో జరిగినదొకటి వాళ్లకి చెప్పు. 1915లో అనీబిసెంట్ పెట్టిన బీటీ కాలేజీకి 1919 ఫిబ్రవరి ఆఖర్లో టాగూరు వచ్చారు. ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ అప్పుడు అక్కడ ప్రిన్సిపాలు. విద్యార్థులు పాటలు పాడుకునే కూటంలో ఒక సాయంత్రం టాగూరు తన 'జనగణమన' పాడారు. 1911లో కలకత్తా కాంగ్రెసులో మొదటిసారి పాడిన పాట. విన్నవాళ్లు అక్కడికక్కడే గొంతు కలిపారు. సంగీతం చదువుకున్న మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టింది. ఫిబ్రవరి 28న టాగూరే దాన్ని 'ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని ఇంగ్లీషులో రాసిచ్చారు. పాట ముందు మనసుకి పట్టింది, ఇంగ్లీషు తర్వాత వచ్చింది. నీ క్లాసూ ఈ వరసలోనే నడవాలని నా కోరిక.

చరిత్ర కోసం పిలకాయల్ని ఇక్కడికి తీసుకురా. 4,000 అడుగుల పైన గాలి ఎలాగూ వాళ్లకి నచ్చుతుంది. ఈ కొండ పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల ఇక్కడి జనానికి రోగాలు నయం చేసేదనీ, ఒకనాడు కనబడకుండా పోయిందనీ చెప్పుకుంటారు. 19వ శతాబ్దంలో కడప కలెక్టరు హార్స్లీ ఇక్కడ ఇల్లు కట్టుకున్నాక కొండకి ఆయన పేరొచ్చింది. కలెక్టరుకి కాగితాలున్నాయి, మల్లమ్మకి గుడీ కథా ఉన్నాయి. దేన్ని ఎంతవరకు నమ్మాలి? విన్నదాన్ని విన్నట్టు, రుజువున్నదాన్ని రుజువుతో ఇంగ్లీషులో చెప్పమను.

ఉద్యోగం సంగతి ఎవరో ఒకరు ఎత్తి తీరతారు. దాన్ని తక్కువగా చూడకు. కుప్పంలో రైలెక్కి బెంగళూరుకి పనికి పోయే నాయన బిడ్డ 'బీఏతో కూడు దొరుకుతుందా' అని అడిగితే, ఆ ప్రశ్నలో ఇంటిల్లిపాది బతుకు ఉంది. గ్రూప్స్ పరీక్షల్లో చరిత్ర అడుగుతారు కదా అని సర్దిచెప్పి దాటేయకు. క్లాసులో బాగా మాట్లాడేవాళ్లని ఆ ప్రశ్న అడిగేవాళ్ల పక్షానే నిలబెట్టు. బలమైన ఎదురువాదం వినకుండా మానవీయ శాస్త్రాల పక్షం వహించేవాళ్ల మాట నాకు ఎప్పుడూ సహించదు.

చర్చకి సైన్సు పిలకాయల్నీ పిలువు. మన చిత్తూరు సీమవాడే డాక్టర్ కేశవరెడ్డి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేస్తూ నవలలు రాశాడు. 'అతడు అడవిని జయించాడు' చిన్న నవల. అడవిలోకి పోయి ఈనిన పంది కోసం ఒక ముసలాయన పడే పాటు. చదవనిచ్చి, ఒక డాక్టరు ఇంత శ్రద్ధగా ఇది ఎందుకు రాశాడో ఊహించమను. విలువ అన్న మాట నువ్వు ఎత్తాల్సిన పూట అది.

నా దగ్గరున్న ఆ నవల తెలుగు ప్రతి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఇంగ్లీషు అనువాదం మీ లైబ్రరీలో ఉందేమో చూడు. భారతం చర్చలో వాళ్లు ఏమన్నారో, వీలైతే వాళ్ల మాటల్లోనే నాకు రాయి. కొండకి ఎంతమంది వస్తారో ముందుగా చెబితే మీ పెద్దమ్మ చిత్రాన్నం చేయిస్తానంటోంది.

మీ
పెదనాయన