ప్రొపెల్లెంట్ లేని ఇంజిన్: ఎమ్‌డ్రైవ్ వివాదం

ఎమ్‌డ్రైవ్: అన్ని వైపులా మూసి ఉన్న లోహపు గదిలో మైక్రోవేవ్‌లు నింపితే తోపుడు బలం (థ్రస్ట్) పుడుతుందన్న ప్రతిపాదన. గది ఆకారం: కొన కోసేసిన శంఖువు. ప్రతిపాదకుడు: బ్రిటన్ ఇంజనీర్ రోజర్ షాయర్ (2001).

అభ్యంతరం (తప్పక చదవాలి): ద్రవ్యవేగ నిత్యత్వ నియమానికి విరుద్ధం. రాకెట్ వాయువులను (ప్రొపెల్లెంట్) వెనక్కి చిమ్ముతుంది కాబట్టే ముందుకు పోతుంది. ఇందులోంచి బయటికి పోయేదేమీ లేదు. కారులో కూర్చుని డ్యాష్‌బోర్డును ఎంత నెట్టినా కారు కదలదు.

నాసా ఈగిల్‌వర్క్స్ ప్రయోగశాల పత్రం (2016): శూన్యంలో కిలోవాట్‌కు 1.2 మిల్లీన్యూటన్ల థ్రస్ట్ వచ్చిందని. కాంతిని మాత్రమే వెదజల్లే ఫోటాన్ రాకెట్‌కు గరిష్ఠం కిలోవాట్‌కు సుమారు 3.33 మైక్రోన్యూటన్లే. తేడా దాదాపు 360 రెట్లు. ఇంత తేడా వస్తే ముందు శంకించాల్సింది కొలతనే.

జర్మనీలోని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం, మార్టిన్ టాజ్‌మార్ బృందం:
2018: గదిలోకి వెళ్లే శక్తిని బాగా తగ్గించినా అదే బలం కనిపించింది. అనుమానం కేబుళ్లలోని కరెంటు, భూ అయస్కాంత క్షేత్రాల మీదికి మళ్లింది.
2021: వేడికి కొలత పరికరం స్వల్పంగా వంగడం వల్ల వచ్చిన తప్పుడు రీడింగ్ అని తేలింది. అసలు బలం లేదు.

పరీక్షల్లో తికమక పెట్టే ఆప్షన్లు: సౌర తెరచాపకు (జపాన్ ‘ఇకారోస్’, 2010) ప్రొపెల్లెంట్ అక్కర్లేదు, కానీ ద్రవ్యవేగం సూర్యకాంతి నుంచి అందుతుంది, నియమభంగం లేదు. అయాన్ ఇంజిన్‌కు (నాసా ‘డాన్’) ప్రొపెల్లెంట్ కావాలి: జెనాన్.