సేద్యపు కష్టమును వ్యాయామమును

రాయలసీమలోని నల్లమాడ చుట్టుపట్ల మెట్టచేలలో గొర్రుతో వేరుసెనగ విత్తి, గుంటక తోలి, కలుపు తీసి, చెట్టు పెరికి, కాయ విడిపించు రైతునొద్దకు పోయి వ్యాయామము చేయుమని చెప్పినచో నతడు నవ్వి యూరకుండును. ఆ నవ్వు న్యాయమే గాని సంపూర్ణ న్యాయము కాదు. ఏలన, వాననే నమ్ముకొన్న యీ సీమలో కష్టము జూను, జూలై నెలల విత్తుతో మొదలై పంట యిల్లు చేరుటతో ముగియును. వాన మొగము చాటువేసిన యేడు అంతకు ముందే ముగియును. అటుపై రచ్చబండయే గతి. దమ్ము రెండు మూడు వారముల సోమరితనమునకే తగ్గనారంభించును గదా! పొలము దేహమునకు వలసినంత పని చెప్పదు, తనకు వలసినంత చెప్పును.

బలము పెరుగు తీరును సీమ పల్లెలలో గుండునెత్తు పడుచువాండ్రు పుస్తకము చదువకయే యెరుగుదురు: మోకాలిదాక లేపినవాడు కొన్నాళ్లకు రొమ్మునకును, పిదప భుజమునకును దెచ్చును. అలవాటైనదానికంటె గొంచె మధికమగు బరువు తగిలినప్పుడు కండరము శ్రమపడి, ఆ మీదట విశ్రాంతిలో, నిద్రలో, ఉలవలవలనను వేరుసెనగవలనను లభించు మాంసకృత్తులతో తన్ను తాను చక్కదిద్దుకొని మునుపటికంటె దృఢమగును. గుండు పైకెత్తిన క్షణమున బలము రాదు. రాత్రి నిద్రలో వచ్చును. దినదినమును ఒక్క కండరమునే పీడించువా డీ మర్మము నెరుగనివాడు.

ఎంత చేయవలెను? శీతకాలమునను వసంతమునను సగము బలముతోడను, తక్కిన ఋతువులలో నంతకంటె మితముగాను జేయవలెనని ఆయుర్వేదాచార్యుడగు వాగ్భటుడు. ఊపిరి నోటికి వచ్చుటయే సగము బలమునకు గురుతని సుశ్రుతుడు. నేటి శాస్త్రము కొంత యెక్కువ కోరినను ఆరంభించువారి కీ కొలతయే మేలని నా తలంపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యమశ్రమయు, రెండు దినములైనను కండబలమునకు తగిన సాధనయు విధించినది. చేతినిండ పనిలేని నెలలలో వేగముగ నడచుట, దండీలు, బస్కీలు దీనికి జాలును.

వీరఘట్టమున బుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తినాయుడు రొమ్మునకు జుట్టిన యినుపగొలుసును త్రెంచెనని చెప్పుకొనువారు, ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా నుండిన సంగతిని మరతురు. పుట్టుబలమునకును పాఠము కావలసివచ్చెను.

ఎండకాలమున సాధనను ప్రొద్దెక్కక ముందే ముగించి నీరు మెండుగా త్రాగవలెను. నడచునప్పుడు రొమ్ము నొచ్చువారు మొదట వైద్యునకు జూపించుకొనవలెను. బస్కీల మాట తరువాత.