సారథి కావలెను
స్వచ్ఛంద సంస్థల నిర్వహణపై సందేహాలు - సమాధానాలు

ప్ర: మా సంస్థ పెట్టి పాతికేళ్లు దాటింది. బడి మానేసిన పిల్లల కోసం ఆరు మండలాల్లో పనిచేస్తున్నాం. నాకు 68 ఏళ్లు. బాధ్యత అప్పగిద్దామని ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ పోస్టుకు ప్రకటన ఇస్తే బాగా చదువుకున్నవాళ్లే వచ్చారు. ఒకరు ఏడు నెలలకు, మరొకరు ఏడాదికి వెళ్లిపోయారు. నేను అప్పటికీ రోజూ పొద్దున్నే ఫీల్డ్ స్టాఫ్ అందరికీ ఫోన్ చేసి పని ఆగకుండా చూసుకుంటూనే ఉన్నాను. ఇప్పటి తరానికి సేవాభావం లేదంటారా?
- ఒక సంస్థ వ్యవస్థాపకులు, అనంతపురం జిల్లా

జ: తరం సంగతి తర్వాత చూద్దాం. వెళ్లిపోయిన ఇద్దరిలో ఎవరికైనా చెక్కు మీద సంతకం పెట్టే అధికారం ఇచ్చారా? ఉత్తరంలో ఆ మాట లేదు. పొద్దున్నే మీరు చేసే ఫోన్ల మాట మాత్రం ఉంది.

ఇలాంటి చోట ఏం జరుగుతుందో చెబుతాను. మండల కోఆర్డినేటర్ ఒకాయన ట్యూషన్ సెంటర్‌ను పక్క ఊరికి మార్చాలంటాడు. పిల్లల హాజరు చూసి కొత్త డైరెక్టర్ వద్దంటుంది. సాయంత్రం ఆయన మీకు ఫోన్ చేసి, ‘సార్, మీరొక్క మాట చెబితే చాలు’ అంటాడు. పాత మనిషి, కష్టకాలంలో వెంట ఉన్నవాడు, కాదనలేక సరేనంటారు. మర్నాటి నుంచి ఆమెను అడిగేవాళ్లే ఉండరు. ఆమె ఉద్యోగం నిజానికి ఆ సాయంత్రమే పోయింది. రాజీనామా కాగితం కొన్నాళ్లు ఆలస్యంగా వస్తుంది, అంతే.

అందుకని మూడో ప్రకటన ఇప్పుడే ఇవ్వకండి. ముందు కార్యవర్గాన్ని కూర్చోబెట్టి కొన్ని విషయాలు తేల్చి, మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా రాయించండి. ఎవరినీ అడగకుండా డైరెక్టర్ ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు? సిబ్బందిని తీసుకోవడం, తీసేయడం ఎవరి చేతిలో ఉంటుంది? దాతలతో మాట్లాడేది ఎవరు? అన్నిటికంటే ముఖ్యం, మీరు ఏ తేదీన తప్పుకుంటారు, తర్వాత ఏం చేస్తారు? ‘సలహాదారు’ అని రాసి వదిలేస్తే అన్నీ మళ్లీ మీ దగ్గరికే వస్తాయి. పాత దాతలను కలవడమో, కొత్త సిబ్బందికి శిక్షణ ఇవ్వడమో, హద్దు తెలిసే పని ఒకటి తీసుకోండి. ఆఫీసులో మీ గది కూడా ఖాళీ చేయాలి. అన్నిటికంటే కష్టం అదేనని తెలుసు.

ఇంకోమాట. బయట వెతికేముందు లోపల చూశారా? పిల్లల చదువు కోసం పనిచేసే ‘ప్రథమ్’ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన మాధవ్ చవాన్ తర్వాత, 2015లో సీఈవో అయిన రుక్మిణీ బెనర్జీ 1996 నుంచీ అదే సంస్థలో పనిచేస్తున్నారు. మీ దగ్గరా ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు ఉండే ఉంటారు. ఇంగ్లిష్‌లో ప్రాజెక్టు ప్రపోజల్ రాయలేరని వాళ్లను పక్కన పెట్టి ఉంటారు కూడా. రాసిపెట్టే మనిషి జీతానికి దొరుకుతారు. సర్పంచీ, హెడ్‌మాస్టరూ, పిల్లల తల్లులూ నమ్మే మనిషి ప్రకటనకు దొరకరు.

ప్ర: డైరెక్టర్‌కు నెలకు లక్ష రూపాయలు ఇద్దామంటే సభ్యులు ‘ఇది సేవా, వ్యాపారమా’ అంటున్నారు. జీతాలకు చట్టం పరిమితి పెట్టిందని ఒకరు, ఐదు శాతం దాటకూడదని మరొకరు అంటున్నారు. ఏది నిజం?
- కోశాధికారి, విజయవాడ

జ: రెండు వేర్వేరు చట్టాలను మీవాళ్లు కలిపేశారు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో జరిగిన సవరణ పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన విదేశీ విరాళంలో ఐదో వంతు అన్నమాట. సంస్థ నడిపే డైరెక్టర్ జీతం ఈ లెక్కలోకే వస్తుంది. మీ ఆసుపత్రి డాక్టరు, మీ బడి టీచరు జీతాలు రావు. కాబట్టి డైరెక్టర్ జీతం మొత్తం విదేశీ నిధుల మీద పెట్టకుండా, ఇక్కడి విరాళాల నుంచి కొంత సర్దుకోగలరేమో ఆడిటర్‌తో కూర్చుని చూసుకోండి.

ఐదు శాతం మాట సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిబంధనల్లోది. అది డబ్బు ఇచ్చే కంపెనీ సొంత పరిపాలనా ఖర్చుకు పెట్టిన హద్దు, మీ సంస్థ ఖర్చుకు కాదు. కంపెనీల అధికారులే కొందరు దీన్ని తిరగేసి చెబుతుంటారు. ఈసారి ఎవరైనా అలా అంటే నిబంధన చూపించమనండి.

ఎంపికయ్యేది కార్యవర్గ సభ్యుడో, ఆయన బంధువో అయితే జాగ్రత్త పడాలి. చేసే పనికి తగిన జీతమైతే ఆదాయపు పన్ను చట్టం కాదనదు. అంతకు మించితే అది సొంతవారికి చేసిన లబ్ధి అవుతుంది, పన్ను మినహాయింపు చిక్కుల్లో పడుతుంది. ఆయన జీతం చర్చకు వచ్చినప్పుడు ఆయన్ను బయటికి పంపి, ఆ సంగతి కూడా మినిట్స్‌లో రాయండి.

లక్ష ఎక్కువా అంటారా? కోట్లలో నిధులు, వందమంది సిబ్బంది ఉన్న సంస్థకు ఎక్కువ కాదనే నా అభిప్రాయం. జీతం తక్కువ చేస్తే ఆస్తిపాస్తులున్నవాళ్లు మాత్రమే ఈ ఉద్యోగానికి రాగలరు. మీరు ఎవరి కోసం పనిచేస్తున్నారో ఆ ఇళ్ల పిల్లలు ఎప్పటికీ రాలేరు.

ప్ర: హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. రెండొందల మంది టీమ్‌ను నడుపుతున్నాను. ఏదైనా ఎన్జీవోకి సీఈవోగా వెళ్లాలనుంది. నా అనుభవం పనికొస్తుందా?
- గచ్చిబౌలి నుంచి ఒక పాఠకుడు

జ: సంస్థను బట్టి ఉంటుంది. మన 108 అంబులెన్సు సేవనే తీసుకోండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో దాన్ని మొదలుపెట్టిన ఈఎంఆర్ఐ సంస్థకు సీఈవోగా పనిచేసిన వెంకట్ చంగవల్లి కంపెనీల నుంచి వచ్చినవారే. కాల్ ఎన్ని సెకన్లలో ఎత్తారు, బండి ఎన్ని నిమిషాల్లో చేరింది అని కొలిచి నడిపే పని అది. అక్కడ మీ అనుభవం అక్కరకొస్తుంది. బాల్యవివాహాలు ఆపే సంస్థలోనో, భూమి హక్కుల కోసం నిలబడే సంస్థలోనో అదే కొలత పెడితే సిబ్బంది ముందు నవ్వుకుంటారు, తర్వాత విసుక్కుంటారు. అక్కడ ఆరు నెలల శ్రమకు చూపించేందుకు అంకె ఉండకపోవచ్చు.

ఒప్పుకునేముందు మూడేళ్ల ఆడిట్ నివేదికలు అడిగి తీసుకోండి. విదేశీ నిధులుంటే ఎఫ్‌సీ-4 వార్షిక రిటర్నులు, రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. ఒకే దాత మీద బండి నడుస్తోందా అన్నది కూడా వాటిలోనే కనిపిస్తుంది. మీ ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఫోన్ చేసి ఎందుకు మానేశారో అడగండి. కాగితాలు చూపించడానికి ఎవరైనా నొచ్చుకుంటే ఆ ఉద్యోగం మీకొద్దు.

ప్ర: అధ్యక్షుల వారు తమ అబ్బాయినే డైరెక్టర్ చేద్దామంటున్నారు. తప్పా?
- కార్యవర్గ సభ్యురాలు, కరీంనగర్

జ: తప్పని చెప్పలేను. అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ 2009లో కన్నుమూశాక ఆ సంస్థను ముందుకు నడిపించింది ఆయన భార్య అన్నే ఫెర్రర్, కొడుకు మాంచో. ఆ ఊళ్లలో వాళ్లు కొత్తవాళ్లు కారు. మీ అధ్యక్షుల అబ్బాయి ఇదివరకు సంస్థలో ఏం పని చేశాడు? ఏమీ లేదంటే మిగతా అభ్యర్థులతో పాటు ఆయన్నూ దరఖాస్తు పెట్టుకోమనండి. ఇంటర్వ్యూ రోజు అధ్యక్షులు గదిలో ఉండకూడదు.

ప్ర: చివరి ముగ్గురిలో ఒకరిని ఎంచుకోవాలి. ముగ్గురూ ఇంటర్వ్యూలో బాగా మాట్లాడారు. ఎలా తేల్చాలి?
- ఎంపిక కమిటీ సభ్యుడు, శ్రీకాకుళం

జ: ముగ్గురినీ విడివిడిగా ఒక్కో రోజు ఊళ్లకు పంపండి, వెంట మీరెవరూ వెళ్లకండి. జీపు డ్రైవరునీ, హాస్టల్ వంటమనిషినీ, సంఘం మహిళలనూ తర్వాత అడగండి, ఎలా ఉందని. వంటగదిలోకి వచ్చి బియ్యం లెక్క చూసిందెవరు, ఫొటో తీసుకుని వెళ్లిందెవరు, మాట్లాడుతుంటే ఫోన్ చూసుకున్నదెవరు, అన్నీ చెబుతారు. వాళ్లు చెప్పినదానికి పూర్తి మార్కులు వేయాలని కాదు, మీ మార్కుల షీటు పక్కన పెట్టి చూడండి.

మునుపటి యజమానులతో మాట్లాడటం మానకండి. అభ్యర్థి ఇచ్చిన పేర్లే కాదు, ఆయన కింద పనిచేసిన ఒక్కరితోనైనా మాట్లాడండి. లైంగిక వేధింపుల ఫిర్యాదులేమైనా అంతర్గత కమిటీ ముందుకు వచ్చాయా అని సూటిగా అడగండి. పిల్లలతో పనిచేసే సంస్థకు ఇందులో మొహమాటం పనికిరాదు. ఎంపిక అయ్యాక, మీకు విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ ఉంటే, చీఫ్ ఫంక్షనరీ మారిన సంగతి ఎఫ్‌సీ-6ఇ ఫారంలో తెలపాలి. బ్యాంకు సంతకాలు కూడా ఆ వారంలోనే మార్చేయండి.