దేనారముపై ఎవరి రూపము?

పాఠ్యభాగము: మత్తయి 22:15-22



యేసు చూపుమనిన పన్ను నాణెము తిబెరి కైసరు (క్రీ.శ. 14-37) వెండి దేనారమని పలువురు పండితుల అభిప్రాయము. అది కూలివాని దినజీతము (మత్తయి 20:2). ఒకవైపు కైసరు తల, చుట్టూ తాను దైవమైన ఔగుస్తు కుమారుడనని వ్రాత. రెండవవైపు కూర్చున్న స్త్రీ, ప్రధాన యాజకుడను బిరుదు. కనుక పన్ను ప్రశ్న వెనుక ఆరాధన ప్రశ్న దాగియున్నది.

సముద్ర వర్తకము వలన ఇట్టి దేనారములు తెలుగు నేలకును వచ్చెను. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా దొరికినవి. రెండవ శతాబ్దమున టాలెమీ పేర్కొనిన ‘పలూర’ రేవు మన గంజాం జిల్లా పాలూరేనని చరిత్రకారులందురు.

పొట్టకూటికై బరంపురము వచ్చిన మనము పన్ను చెల్లింతము. అయితే నాణెముపై ఉన్నది కైసరు రూపము, మనపై ఉన్నది దేవుని స్వరూపము (ఆది. 1:27). జీతము లెక్కపెట్టుకొనునప్పుడెల్ల, మన బ్రతుకుపై ఎవరి ముద్ర కనబడుచున్నదో పరీక్షించుకొందము.