చేతులు మారే సానరాళ్లు

పూర్వం అనేక గృహాలలో గంధం తీసే సాన ఒకటి ఉండేది. తరతరాలుగా అరగదీయగా దాని నడిమి భాగం పల్లంగా దిగిపోయేది. ఆ పల్లాన్ని చూసి సాన పాతబడిందని ఎవరూ పారవేసేవారు కారు. అవ్వ వాడిన సాన అని పదిలంగా దాచుకొనేవారు. జపాను దేశంలో కత్తులు నూరడానికి వాడే సహజశిలలకు సైతం ఇటువంటి మన్ననే ఉంది. వాటిని అక్కడ ‘తొయిషి’ అంటారు. అయితే గంధపుసాన సాధారణంగా ఇల్లు దాటిపోదు. తొయిషి మాత్రం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి వెలకు మారుతూ ఉంటుంది. వాడిన రాయిని అమ్మేవాడు నిజానికి దేనిని అమ్ముతున్నాడు, కొనేవాడు దేనిని నమ్మి కొంటున్నాడు అనే ప్రశ్న ఈ వర్తకంలో అడుగడుగునా ఎదురవుతుంది.

సానరాళ్లను జపనీయులు మూడు తరగతులుగా విభజిస్తారు. మొద్దుబారిన అంచును సరిచేసే గరుకు రాయి ‘అరతో’. దాని తరువాత వాడేది ‘నకతో’. చివరి మెరుగు దిద్దేది ‘అవసెదో’. మొదటి రెండు రకాలూ జపానులో పలు ప్రాంతాలలో దొరుకుతాయి. మేలైన అవసెదోలకు మాత్రం క్యోటో నగరానికి చేరువలో, పశ్చిమ, వాయవ్య దిశలలో ఉన్న కొండలు ప్రసిద్ధి కెక్కాయి. నరుతకి, ఉమెగహత, నకయమ వంటి పేర్లు ఆ దేశపు వడ్రంగులకు, వంటవారికి చిరపరిచితాలు.

ఆ శిల పుట్టుక ఒక అద్భుత గాథ. సుమారు ఇరవై అయిదు కోట్ల సంవత్సరాల క్రితం అది మహాసముద్రపు అడుగున పేరుకొన్న మెత్తని మట్టి. అంతకు పూర్వం ఆ లోతులలో రేడియోలేరియా అనే సూక్ష్మజీవుల సిలికా కవచాలు కోట్ల కొలదిగా రాలి, ‘చెర్ట్’ అనే గట్టి శిలగా మారుతూ ఉండేవి. పెర్మియన్ యుగాంతంలో భూమిపై జీవరాశిలో అధికభాగం నశించింది. ఆ వినాశనంలో రేడియోలేరియా కూడా చాలావరకు కనుమరుగైనాయి. అవి రాలడం తగ్గిన కాలంలో సముద్రగర్భంలో ప్రధానంగా అతిసూక్ష్మమైన బంకమన్ను పేరుకొంది. వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్లకు మించని ఆ నిక్షేపం కాలక్రమాన శిలగా గట్టిపడింది. భూఫలకాల కదలికతో ప్రయాణించి జపాను అంచుకు చేరి, కొండలలో భాగమైంది. నేటికీ భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొరను సానరాయి పేరుతోనే వ్యవహరిస్తారు. వంటవాడు చేపను కోసే కత్తికి పదును పెట్టేది ఒక మహాప్రళయం మిగిల్చిన మట్టి మీద అన్నమాట!

కర్మాగారంలో తయారైన సానరాయికి ఒక సంఖ్య ఉంటుంది. 1000 అంటే మధ్యరకం, 8000 అంటే మిక్కిలి నునుపైనది. సంఖ్య చూసి నిశ్చింతగా కొనవచ్చు. సహజశిలకు అటువంటి సంఖ్య లేదు. ఒకే గనిలో, ఒకే పొరలో, పక్కపక్కనే తీసిన రెండు ముక్కలు కూడా ఒకే విధంగా పనిచేయవు. ఒకటి మెత్తగా ఉండి, నీరు చల్లి రాస్తే వెంటనే బురద వదులుతుంది. మరొకటి గాజువలె గట్టిగా ఉండి, కత్తిని జారవిడుస్తుంది.

ఇంత అనిశ్చితి ఉన్నా దానిని కోరుకొనడానికి కారణం ఉంది. జపాను కత్తులలో అనేకం రెండు లోహాల కలయిక. అంచున గట్టి ఉక్కు, దానికి ఆసరాగా మెత్తని ఇనుము ఉంటాయి. మంచి అవసెదో మీద నూరినప్పుడు మెత్తని ఇనుము పొగమంచు కమ్మినట్లు మసకబారుతుంది. ఉక్కు భాగం మాత్రం తేటగా నిలుస్తుంది. ఈ మెరుగును ‘కసుమి’ అంటారు. ఆ మాటకు పొగమంచు అనే అర్థం. ఖడ్గాలకు మెరుగు పెట్టే శిల్పులు ఈ కారణంగానే సహజశిలను నేటికీ విడిచిపెట్టలేదు.

అయినా కాలం మారింది. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కృత్రిమంగా సిలికాన్ కార్బైడ్‌ను తయారుచేశాడు. అటువంటి కృత్రిమ పదార్థాలతో చేసిన సానరాళ్లు క్రమంగా చౌకగా, ఎక్కడ కొన్నా ఒకే తీరుగా లభించసాగాయి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత జపానులోనూ వాటిదే పైచేయి అయింది. క్యోటో గనులలో అధికభాగం ఇరవయ్యవ శతాబ్దంలోనే మూతపడ్డాయి. కొత్త రాయి అరుదైపోవడంతో పాత రాయికి ప్రాముఖ్యం పెరిగింది.

పాత రాయి ఎక్కడి నుంచి వస్తుంది? తరచుగా ఒక జీవితం ముగిసిన చోటి నుంచి వస్తుంది. వృద్ధ వడ్రంగి మరణిస్తాడు. కుమారుడు వేరొక ఉద్యోగంలో ఉంటాడు. పనిముట్ల పెట్టెలో అడుగున నల్లబడిన రాయి ఒకటి కనబడుతుంది. అది ఇటుకముక్కో, లక్షల యెన్‌ల నిధియో ఆ కుమారునికి తెలియదు. పాత సామానుల వర్తకుడు పెట్టెతో సహా కొనుక్కుపోతాడు. క్యోటోలో ప్రతినెలా 21వ తేదీన తోజి ఆలయంలోను, 25వ తేదీన కితనో తెన్‌మన్‌గూ ఆలయంలోను జరిగే సంతలలో పాత వస్తువుల నడుమ ఇటువంటి రాళ్లు కనబడుతూ ఉంటాయి. ఇంటర్నెట్ వేలంపాటలు వచ్చిన తరువాత వాటి ప్రయాణం దేశపు ఎల్లలు దాటింది.

సంతలో కొనేవాడు రాయిని చేతితో తడిమి చూడగలడు. దూరాన ఉండి కొనేవానికి ఛాయాచిత్రమే ఆధారం. ఇక్కడే అమ్మేవాని నిజాయితీకి పరీక్ష. పొడిగా ఉన్న రాయిలో పగులు కనబడదు. తడిపి, ఆరనిస్తే రాయి అంతా తెల్లబడినా పగులున్న చోట తడి గీత ఆలస్యంగా ఆరుతుంది. ఆ గీత బయటపడే స్థితిలో చిత్రం తీసి చూపే వర్తకుడు ఒక విధం. పొడి రాయినే శుభ్రంగా తుడిచి చూపేవాడు మరొక విధం. రాతిలో సన్నని గీతలు ఉండడం సహజం. వాటిలో చాలావరకు నిరపాయకరమైనవి. కాని గట్టి రేణువులున్న గీత ఒక్కటి చాలు, ఎన్నో గంటలు శ్రమించి దిద్దిన కత్తి అంచును గీరివేయడానికి. అది హాని చేసేదో కాదో దానిపై కత్తి నూరినవానికే తెలుస్తుంది. తెలిసీ చెప్పకపోతే అది వంచనే.

ముద్రల సంగతి మరీ చిత్రమైనది. గని పేరు, వర్తకుని గుర్తు రాతిపై సిరాతో అద్దే ఆచారం ఉంది. ప్రఖ్యాతమైన గని పేరుంటే వెల అమాంతంగా పెరుగుతుంది. సిరా ముద్రను ఎవరైనా వేయవచ్చు గదా! పైగా నిజమైన ముద్ర వాడకంలో చెరిగిపోతుంది. కాబట్టి ముద్ర లేని రాయి మంచిదై ఉండవచ్చు, ముద్ర ఉన్నది కాకపోవచ్చు. రంగు, పొర చూసి గనిని ఊహించేవారు ఉన్నారు. ఆ ఊహ ఎంత నిపుణునిదైనా ఊహయే. ‘గని తెలియదు’ అని రాసే అమ్మకందారు కొంత సొమ్ము నష్టపోతాడు. అయినా ఆ రెండు మాటలే కొనేవారికి అతనిపై గురి కలిగిస్తాయి.

అందానికి కూడా వెల ఉంది. నల్లని మచ్చలున్న రాయిని ‘కరసు’ అంటే కాకి అని, ఎర్రని చుక్కలున్న దానిని ‘రెంగె’ అంటే తామర అని పిలుస్తారు. ఇవి కనులకు ఇంపుగా ఉంటాయి. వీటికోసం ఎక్కువ చెల్లించేవారూ ఉన్నారు. మచ్చలు ఉన్నంత మాత్రాన కత్తికి పదును హెచ్చదు. కాకి పేరు పెట్టుకొన్న రాయి కోకిల ధర పలకడం విడ్డూరమే!

అమ్మకానికి వచ్చిన ప్రతి రాయీ లోపం కలదని భావించరాదు. ఒకరి కత్తికి సరిపడని రాయి మరొకరి కత్తికి చక్కగా నప్పుతుంది. కొత్తగా నేర్చుకొంటున్నవాడు మిక్కిలి గట్టి రాయిని కొని, లొంగదీయలేక అమ్మివేస్తాడు. అనుభవజ్ఞుడైన వడ్రంగి చేతిలో అదే రాయి చిత్రిక ఉలికి తళుకు తెస్తుంది. అందువల్ల అమ్మేవాడు రాయి పొడవు, మందం, బరువు చెబితే చాలదు. ఏ ఉక్కుపై దానిని వాడాడు, బురద ఎంత త్వరగా వచ్చింది, ఎక్కడ తృప్తి కలిగింది, ఎందుకు విడిచిపెడుతున్నాడు అనేవి చెప్పాలి. సంఖ్య లేని వస్తువుకు వాడినవాని సాక్ష్యమే కొలమానం. కొత్త రాయిని అమ్మే వర్తకుడు ఒక్కొక్కదానిపై ఇంత కాలం కత్తి నూరి ఉండడు. ఈ ఒక్క విషయంలో పాత రాయిదే పైమెట్టు.

పల్లంగా అరిగిన రాయిని వజ్రపు రేణువులు పొదిగిన పలకపై రాసి మళ్లీ చదును చేయవచ్చు. నీరు ఇంకి పొరలు విడిపోకుండా పక్కలకు లక్కవంటి పూత వేస్తారు. చలికాలంలో లోపలి తడి గడ్డకడితే రాయి బీటలువారుతుంది కనుక ఆరబెట్టి భద్రపరుస్తారు. ఇంత కాపాడినా వాడకంతో అది పలచబడక తప్పదు. అప్పుడు కలప దిమ్మెకు అతికించి మరికొన్నేళ్లు వాడుతారు. విరిగిన ముక్కలకూ గిరాకీ ఉంది. ఖడ్గానికి మెరుగు పెట్టే శిల్పి అటువంటి ముక్కను రేకువలె పలుచగా అరగదీసి, వెనుక పలుచని కాగితం అంటించి, బొటనవేలి కింద ఉంచుకొని ఉక్కుపై మెల్లగా రాస్తాడు. గోరంత ఆ పలుకు కూడా అరిగిపోయేదాకా అతని వేలు దానిని వదలదు.