ఊరు ఎక్కడ వెలుస్తుంది?

పిల్లలూ! మీ ఊరు ఇప్పుడున్న చోటే ఎందుకు ఉన్నది? ఒక కిలోమీటరు ఇవతలో అవతలో ఎందుకు లేదు? మొట్టమొదట ఎవరో ఒకరు అక్కడ గుడిసె వేసుకుని ఉంటారు గదా! వారు ఏం చూసి ఆ చోటు ఎంచుకున్నారు?

జవాబు వెతకడానికి కాటారం వెళ్దాం. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరులో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరిన మండలం ఇది. పటం తీసి చూడండి. పడమట మానేరు, ఉత్తరాన గోదావరి, తూర్పున మహాముత్తారం వైపు అడవులు. మానేరు మంథని మండలంలోని ఆరెంద దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇంకా దిగువన, కాళేశ్వరం దగ్గర, ప్రాణహిత వచ్చి చేరుతుంది.

ఇన్ని నదులుంటే నీటికి కొదవేమిటి అంటారా? ఇక్కడే ఉన్నది తిరకాసు. నది పల్లంలో ఉన్నది, పొలం మెరకలో ఉన్నది. నీరు తనంతట తాను పైకి ఎక్కదు. పైగా వానలో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే కురిసిపోతుంది. అందుచేత ఇక్కడి రైతు చెరువును నమ్ముకున్నాడు. వాలు నేల మీద పారే వాగుకు అడ్డంగా మట్టికట్ట పోశాడు. పొలానికి నీరు వదలడానికి తూము పెట్టాడు, ఎక్కువైన నీరు కట్టను తెంచకుండా పొర్లిపోవడానికి మత్తడి కట్టాడు. కట్ట కింద వరి, నీరందని చెల్కల్లో మెట్ట పైర్లు. చెరువు నిండితే దిగువ బావుల్లోనూ ఊట పెరుగుతుంది. ఊరు మాత్రం పొలానికి దగ్గరగా, వరదకు అందకుండా కాస్త ఎత్తున.

వేసవిలో ఎండిన ఏరు కూడా వట్టిపోయినట్టు కాదు. ఇసుక రేణువుల సందుల్లో నీరు నిలిచి ఉంటుంది. పైనున్న ఇసుక దాన్ని ఎండ నుంచి కాపాడుతుంది. ఇసుకలో చెలిమె తోడితే తేట నీరు ఊరుతుంది. ఏటి ఒడ్డు పల్లెలు ఎన్నో వేసవులు ఈ చెలిమెలతోనే గడిపాయి.

ఇప్పుడు ఊళ్ళ పేర్లు చదవండి. దామెరకుంటలో కుంట ఉన్నది. విలాసాగర్‌లో సాగరం, అంటే పెద్ద చెరువు మాట వినిపిస్తుంది. రేగులగూడెంలో రేగుచెట్టు, ప్రతాపగిరిలో గుట్ట. ఆ గుట్ట మీద పాత కోట ఉన్నది. శత్రువును దూరం నుంచే చూడాలంటే ఎత్తే కావాలి మరి! ఎక్కడో ఐర్లండులోని మేయో జిల్లాలో నాక్ అనే ఊరున్నది. వారి భాషలో ఆ మాటకు అర్థం గుట్ట. అక్కడి ఎన్నో ఊళ్ళ పేర్ల ముందు ఉండే ‘బ్యాలీ’ మన ‘పల్లి’ వంటిదే. దేశం ఏదైనా మొదట వచ్చినవాడు కంటికి కనిపించినదే పేరుగా పెట్టాడు.

నీటితో పుట్టిన ఊళ్ళు ఇవి. దారితో పెరిగేవి వేరు. కాటారంలోని గారెపల్లి చౌరస్తా చూడండి. మంథని, మహదేవపూర్, భూపాలపల్లి దారులు అక్కడ కలుస్తాయి. బస్సు ఆగేచోట హోటలు, దాని పక్కన ఎరువుల దుకాణం, ఆ వెనుక ఇళ్ళు! భూపాలపల్లిని పెంచింది మాత్రం బొగ్గు. సుమారు 25–30 కోట్ల సంవత్సరాల కిందటి అడవులు బురద కింద పూడిపోయి బొగ్గుగా మారాయి. సింగరేణి గనులు రావడంతో పల్లె పట్టణమైంది.

అయితే దారి పక్కన చోటు చూసుకునేటప్పుడు వాగును మరచిపోరాదు. భూపాలపల్లికి దక్షిణాన మోరంచపల్లి ఉన్నది. 2023 జులై 26, 27 తేదీల మధ్య, ఒక్క రోజులో, పొరుగున ఉన్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో సుమారు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. తెల్లవారేసరికి మోరంచవాగు పొంగి ఊరును ముంచెత్తింది. జనం మిద్దెలెక్కారు, కొందరు చెట్లు పట్టుకున్నారు. పడవలతో, హెలికాప్టర్లతో వారిని కాపాడారు. కొందరు కొట్టుకుపోయి చనిపోయారు.

మీ ఊరి పటం గీయండి. చెరువు కట్ట, మత్తడి, వాగు గుర్తించండి. తాతమ్మలను అడిగి, గుర్తున్నంతలో పెద్ద వరద ఎక్కడి దాకా వచ్చిందో ఎర్ర గీత గీయండి. పాత ఇళ్ళు గీతకు ఏ వైపు ఉన్నాయి? కొత్త ఇళ్ళు? మీ బడి?