దీర్ఘకాలపు నొప్పి – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

బాన్సువాడ ప్రాంతమున నిజాంసాగరు కాలువల క్రింద నాట్లు వేయు స్త్రీలు దినమంతయు నడుము వంచి పనిచేయుదురు. చేటను ఒడిలో నుంచుకొని బీడీలు చుట్టువారు గంటల తరబడి మెడ వంచి కూర్చుందురు. ఏండ్లు గడచిన కొలది వీరిలో పలువురికి నడుము, మెడ, కీళ్ళ నొప్పులు స్థిరపడుచున్నవి. మందు పుచ్చుకొన్ననాడు తగ్గి, మరల వచ్చు ఈ బాధ దేహమునే గాక మనస్సును కూడ క్రుంగదీయును.

మూడు మాసములకు మించి నిలిచిన, లేక మరల మరల వచ్చు నొప్పిని వైద్యులు దీర్ఘకాలపు నొప్పి యందురు. 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వ్యాధుల పట్టికలో దీనికి ప్రత్యేక స్థానము కలదు. కావున ఇది సోమరితనము కాదు, నటనయు కాదు.

గాయము మానిన పిదప కూడ నరములును, మెదడును నొప్పిని తెలుపుచునే యుండవచ్చును. దిగులు, నిద్రలేమి, ఒంటరితనము దానిని హెచ్చించును. ధైర్యము, తోడు, మంచి నిద్ర ఉపశమింపజేయును. నొప్పి కేవలము ఊహ యని దీని భావము కాదు. మనస్సునకు చేయు సహాయము కూడ చికిత్సలో భాగమని గ్రహింపవలెను.

"ఎక్స్‌రేలో ఏమియు కనబడలేదు గదా" యని ఇంటివారే తేలికచేసినప్పుడు రోగి తన బాధ చెప్పుకొనుట మానివేయును. శుభకార్యములకు పోవుట మానును. తాను బ్రతికి ప్రయోజనము లేదను తలంపు క్రమముగా కలుగును. ఈ స్థితి రాకుండ చూచుటకు సభ్యులు చేయదగిన పనులివి:

1. బాధితుని మాట నమ్మి, ఓపికతో వినవలెను. ఇంటివారికి కూడ నచ్చజెప్పవలెను.

2. పగలంతయు పడుకొనుటయు, కొంత నయముగా నున్ననాడు పనియంతయు ఒక్కమారే ముగించుటయు మంచివి కావు. కొంత పని, కొంత విశ్రాంతి, అనుదినము కొద్దిపాటి నడక మేలు. బీడీలు చుట్టువారు మధ్య మధ్య లేచి నాలుగడుగులు వేయవలెను.

3. నొప్పి మాత్రలను వైద్యుని సలహా లేక నెలల తరబడి మ్రింగినచో జీర్ణకోశమునకు, మూత్రపిండములకు హాని కలుగవచ్చును.

4. కాళ్ళు పట్టు తప్పుట, మలమూత్రములు అదుపు తప్పుట, విడువని జ్వరము, కారణము లేక చిక్కిపోవుట కనబడినచో ఆలస్యము చేయక బాన్సువాడ ప్రభుత్వ ఆసుపత్రికి పంపవలెను.

5. చావు మాటలు పలుకువారిని ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఫోను చేయించవలెను. రుసుము లేదు, రాత్రింబవళ్ళు తెలుగులో మాటలాడవచ్చును.

73వ రాజ్యాంగ సవరణ వలన చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము కూడ పంచాయతీల విషయముగా పేర్కొనబడినది. కావున ఆశా కార్యకర్తతో కలసి ఇట్టి బాధితులున్న ఇండ్లను తెలిసికొనుడు. వారి పేర్లను సభలో చదువక, స్వయముగా ఇంటికి పోయి పలకరింపుడు. వీధిదీపమునకు, మురుగు కాలువకు నిధులు కావలెను; అరుగుపై కూర్చుండి తోటివాని బాధ వినుటకు తీర్మానము కూడ అక్కరలేదు.